తుపాకి తన్నిన భుజం

దేవుడు నన్ను కొలతలు తీసుకోకుండా కుట్టాడని అరవై దాటాక ఒక దర్జీ చెబితే తెలిసింది.

బావ కొడుకు పెళ్ళికి కొత్త అంగీ కుట్టించుకుందామని, సిద్దిపేటలో మా మోటార్ వైండింగ్ దుకాణానికి నాలుగు షటర్ల అవతల ఉండే దర్జీ దగ్గరికి పోయాను. కుర్రవాడు. టేపు మెడలో వేసుకొని నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎడమ భుజం కొలిచాడు, కుడి భుజం కొలిచాడు, అనుమానం వచ్చి మళ్ళీ ఎడమ భుజం కొలిచాడు.

"కాకా, జర సక్కగ నిలవడు."

"సక్కగనే నిలవడ్డ."

"మరి కుడి భుజం కిందికున్నది గద."

"నేను నిలవడ్డ. అది నిలవడలేదు."

"అంగుళం కన్న జరంత తక్కువ," అన్నాడు పోరడు, ఏదో స్థలం కొలిచిన అమీనులాగా. "ఏం గాదు. ఈ పక్కకు లోపల మెత్త పెట్టి కుడ్త. ఎవ్వలకు కనపడది."

"మెత్త పెట్టకు. గది దాసుకునే భుజం గాదు."

వాడు నవ్వి, మిషను దగ్గర కూర్చొని, చిన్న డబ్బాతో దానికి రెండు చుక్కలు నూనె పోశాడు. ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే నేను అక్కడ లేను. మా తాత ఇంటి నడిమింట్లో, గోడకు కొట్టిన రెండు మేకుల కింద, మెడ ఎత్తి నిలబడి ఉన్నాను. తాత తన తుపాకికి ఎప్పుడూ కుట్టు మిషను నూనే రాసేవాడు.

తాత అంటే మా అమ్మ తండ్రి. ఊరు మద్దూరు దిక్కు ఒక పల్లె. అప్పటికి నేను బడి మాని నాలుగు నెలలు. ఏడో తరగతి నడుమ నేనూ బడీ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకొని మర్యాదగా విడిపోయాం. ఇంట్లో కాలు మీద కాలు వేసుకొని కూర్చున్న నన్ను చూసి మా నాయినకు కడుపు మండింది. "మక్క శేన్లకు పందులొస్తున్నయట. మీ తాతకు ఒక మనిషి కావాల్నట, పో," అని బస్సెక్కించాడు. నేను పందులను తరుముతానని పంపాడో, నన్ను చూస్తే పందులే సిగ్గుపడి పోతాయని పంపాడో ఇప్పటికీ తెలియదు.

ఆ ఇంట్లో తాత, అమ్మమ్మ, మామ పిల్లలు ఇద్దరు ఉండేవాళ్ళు. మామా అత్తా భీవండిలో మగ్గాల పని మీద ఉంటూ పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలారు. పెద్దవాడు నాకు బావ, నా కంటే రెండేళ్ళు పెద్ద. చిన్నది మరదలు, నా కంటే ఏడాది చిన్న. నోరు మాత్రం నా కంటే పదేళ్ళు పెద్దది.

ఆ ఇంటికి అసలు పెద్దమనిషి తుపాకి. పంటకాపు కోసమని సర్కారు లైసెన్సు ఇచ్చిన పాతకాలపు తుపాకి. నిలబెడితే నా కంటే జానెడు ఎత్తు. దానికి గొట్టం మూతి నుంచి అన్నం పెట్టాలి. ముందు మందు పోయాలి, కొబ్బరి పీచు కుక్కాలి, సీసపు రవ్వలు వేయాలి, మళ్ళీ పీచు కుక్కి ఇనుప చువ్వతో దట్టించాలి. వెనుక చిన్న రాగి టోపీ పెట్టి, ఘోడా అనే చిన్న సుత్తిని వెనక్కి లాగి, కింది మీట నొక్కాలి. ఇంత సేవ చేస్తే ఒక్కసారి మాట్లాడేది. తాత ఏనాడూ పందికి గురిపెట్టలేదు. పొద్దుగూకే ముందు బాయి గడ్డ మీద నిలబడి మట్టిగట్టుకు కాల్చేవాడు. "సప్పుడు సాలు. వాటికి గూడ పిల్లలున్నయ్," అనేవాడు.

ఒకసారి నింపిన తుపాకిని ఖాళీ చేయాలంటే పేల్చడం ఒక్కటే తోవ. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. నింపినవాళ్ళు గొట్టం మూతిలో ఎర్ర గుడ్డపేలిక కుక్కాలి. ఎర్ర గుడ్డ ఉందంటే దాని కడుపు నిండి ఉన్నట్టు. లేదంటే ఖాళీ. ఇంట్లో పిల్లికి కూడా తెలిసిన ఆనవాలు అది.

పేలినప్పుడు తుపాకి వెనక్కి ఒక దెబ్బ ఇస్తుంది. దాన్ని అందరూ తన్నడమనే అనేవాళ్ళు. "ముందుకు మొరిగితే కుక్క, ఎన్కకు తంతె గాడిద, రెండు పనులు జేసేది నా తుపాకి," అని తాత వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆయన కుడి భుజం మీద ఆ గాడిద తన్నిన చోట చర్మం ఎద్దు మెడ మీది కాయలా గట్టిపడిపోయింది. ఆ యేడే బావకు మొదటిసారి కాల్చే భాగ్యం దొరికింది. తాత వాడి వెనుక నిలబడి చెబుతుంటే నేను పక్కన నిలబడి ఒక్కో మాటా మింగుతూ విన్నాను.

"భుజానికి తుపాకి కర్రకు నడుమ సందు ఉంచకు. అదిమి పడితె నూకుతది. సందిస్తె తంతది. తుపాకి గూడ సుట్టమే బిడ్డా, దూరం పెడితె ఊకోదు."

బావ కాల్చాడు. మూడు అడుగులు వెనక్కి నడిచాడు కానీ పడలేదు. ఆ సాయంత్రం అమ్మమ్మ పెంకు మీద గల్లుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి, నువ్వుల నూనె రాసిన వాడి భుజానికి కాపడం పెట్టింది. వేడి ఉప్పు, నువ్వుల నూనె, వాడి అంగీకి పట్టిన మందు వాసన, పొయ్యి మీద వేగుతున్న మక్క గారెల వాసన, అన్నీ కలిసి ఆ ఇల్లు పండుగ మరునాటి వాకిలిలా ఉంది. కాపడం పెట్టినంతసేపూ అమ్మమ్మ గారెలను వాడికే తినిపించింది. దెబ్బ తిన్నది భుజమైతే చేతులకు ఏమైందో నాకు అర్థం కాలేదు.

మరునాటికి వాడి భుజం మీద కోడిగుడ్డంత నీలం మచ్చ తేలింది. వాడు అంగీ వేసుకోవడం మానేశాడు. ఊళ్ళో పోరగాళ్ళంతా వరుసగా వచ్చి చూసి పోయారు. ఒకడైతే తాకవచ్చా అని అడిగాడు.

నేను తాత వెంట పడ్డాను. "తాతా, నేనొక్కసారి కాలుస్త."

"నీ బరువెంత?"

"తెల్వది."

"తుపాకి కన్న నాలుగు మక్క గింజలు ఎక్కువుంటవ్. వచ్చే యేడు సూద్దాం."

వచ్చే ఏడు దాకా ఆగే ఓపిక ఉంటే నేను బడిలోనే ఉండేవాణ్ణి. బట్టలకు వేసే నీలం అమ్మమ్మ పెట్టె వెనుక ఉంటుంది. చిటికెడు తీసి, నూనెలో కలిపి, కుడి భుజం మీద కోడిగుడ్డంత కాదు, చెయ్యి తిరిగినవాణ్ణి కనుక పిడికెడంత మచ్చ వేసుకున్నాను. పొద్దున ఎవరూ లేనప్పుడు కాల్చానని పోరగాళ్ళకు చెప్పాను. సప్పుడు రాలేదేందిరా అని అడిగినవాడికి, గాలి అటు దిక్కు ఉందని చెప్పాను. ఒక పూట రాజ్యమేలాను.

మధ్యాహ్నం అందరం బాయి దగ్గర మోటారు నీళ్ళ కింద తానం చేస్తున్నాం. నేను సంబరంలో మచ్చ సంగతే మరిచిపోయి నేరుగా ధార కిందికి దూరాను. మోచేతి మీదుగా, నడుము మీదుగా నీలం కారి కాలువలో కలిసింది. ఒడ్డున బట్టలు జాడిస్తున్న మరదలు నీళ్ళ వంక చూసింది, నా వంక చూసింది.

"బావా, నీ దెబ్బ కాలువల కొట్కపోతున్నది. పట్టుకో."

ఆ రోజు నుంచి ఊళ్ళో నా పేరు నీలి బావ. వరసకు బావ కానివాళ్ళు కూడా నీలి బావ అనే పిలిచారు. మంచినీళ్ళ బాయి దగ్గర ముసలమ్మలు, "మా చీరెలకు జర నీలం పెట్టిపో బిడ్డా," అనేవాళ్ళు. ఆ పేరుతో మా ఊరికి తిరిగి పోలేను. తుపాకి నిజంగా కాల్చి, నిజంగా తన్నించుకొని, కడిగితే పోని మచ్చ తెచ్చుకుంటేనే నా మానం దక్కుతుంది.

అట్లాంటప్పుడు ఓట్లు వచ్చిపడ్డాయి.

ఊరి కావలి మనిషి వచ్చి వాకిట్లో నిలబడి చెప్పాడు. "పటేలా, ఓట్లయ్యేదాక తుపాకులన్ని ఠాణాల జమ జేయాల్నట. రేపటికి ఆఖరు."

తాత చేన్ల వంక చూశాడు. మక్క అప్పుడే పాలు పోసుకుంటోంది. పందికి పాల కంకి అంటే మనకు పాయసమున్నట్టు. "ఇంకో పది దినాలైతే గింజ గట్టిపడతది," అన్నాడు. "ఈ పది దినాలు ఆగుమని పందులకు ఎవ్వలు జెప్పాలె?" ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదని అమ్మమ్మ అంది. ఏడాది తిండీ, విత్తనాల ఖర్చూ ఆ మక్కలోనే ఉన్నాయి. కానీ నిజం చెప్పాలంటే నాకు ఆ రోజు మక్క మీద దిగులు లేదు. రేపు తుపాకి ఠాణాకు పోతుంది, ఓట్లయ్యేలోపల నేను ఇంటికి పోతాను, నీలి బావగానే పోతాను. నా దిగులంతా అదే.

మరునాడు పొద్దున తాతకు బస్సు అందలేదు. సాయంత్రం బస్సుకు పోదామని, ఆలోపల కల్లం దగ్గర పని చూసుకోవడానికి పోయాడు. ఆ పగలు ఇంట్లో ఏం జరిగిందో మాకు ఆ తర్వాత పంచాయితీలో తేలింది కానీ, మీకు ఇప్పుడే చెబుతాను.

ముందటి రోజు సాయంత్రమే తాత తుపాకి నింపి, ఎర్ర గుడ్డ కుక్కి పెట్టాడు. ఓట్ల కబురుతో మనసు పాడై ఆ పూట పేల్చలేదు. పోయే ముందు పేల్చి ఖాళీ చేద్దామనుకున్నాడు. పొద్దున అమ్మమ్మ సర్వపిండి చేస్తూ, కాలుతున్న గిన్నె దించడానికి మసిగుడ్డ కనపడక, చేతికందిన ఎర్ర గుడ్డను తుపాకి మూతి నుంచి లాక్కుంది. సర్వపిండి బాగా కుదిరింది. గుడ్డ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. తర్వాత బావ వచ్చాడు. ఆఖరి దెబ్బ తనే కొట్టాలని వాడి కోరిక. గుడ్డ లేదు కనుక ఖాళీ అనుకొని నింపాడు. కుక్కడానికి గుడ్డ వెతికాడు, దొరకలేదు. ఎడ్లకు నీళ్ళు తాపి వచ్చి కాలుద్దామని మేకులకు తగిలించి పోయాడు.

ఆ తర్వాత నేను వచ్చాను.

గుడ్డ లేదు. తాత లేడు. బావ లేడు. నా అదృష్టానికి నేనే దండం పెట్టుకొని, తుపాకీ, మందు కొమ్మూ, రవ్వల సంచీ చంకన పెట్టుకొని బాయి గడ్డకు ఉరికాను. చూసి చూసి కంఠతా వచ్చిన పని. మందు పోశాను. పీచు కుక్కాను. రవ్వలు వేశాను. పీచు కుక్కాను. చువ్వ దూర్చి దట్టించాను. తాత దట్టించినప్పుడు చువ్వ మూతి బయట బెత్తెడే మిగిలేది. నాకు మూరెడు మిగిలింది. తెలివిగలవాడైతే లోపల ఇంకేదో ఉందని అనుకుంటాడు. నేను నా బలం చాలలేదనుకున్నాను. ఇంకా గట్టిగా దట్టించాను. పండ్లు బిగబట్టి, కాలి మునివేళ్ళ మీద నిలబడి, నా దేహంలో ఉన్న ఆ నాలుగు మక్క గింజల బరువంతా వేసి దట్టించాను.

టోపీ పెట్టి, ఘోడా లాగి, కర్ర భుజానికి ఆనించి, గట్టుకు గురి చూస్తున్నాను. వెనుక నుంచి ఉరుకుతున్న అడుగుల చప్పుడు. మరదలు. చేతిలో సగం కొరికిన కాల్చిన కంకి.

"బావా, ఆగు. గది..."

"దూరం నిలవడు. తుపాకి ముచ్చట ఆడపిల్లలకు ఏం తెలుస్తది?"

ఆమె నోరు మూసుకుంది. నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. మోటారు గది వెనక్కి నడిచి, కంకిని పండ్ల మధ్య పెట్టుకొని, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. పిరికిది అనుకున్నాను.

మీట నొక్కాను.

తాత చెప్పింది ఒక్క గాడిద గురించి. ఆ రోజు గొట్టంలో మూడు గాడిదలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉన్నాయి. మూడూ కలిసి తన్నాయి. చప్పుడు నాకు గుర్తు లేదు. గట్టు సగం లేచి ఆకాశంలోకి పోవడం గుర్తుంది. ఆ తర్వాత నా కాళ్ళు నా కంటికి ఎదురుగా, నీలాకాశంలో కనపడ్డాయి. ఇవి ఎవరివో పాత చెప్పులు అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి కాలువలో వెల్లకిలా ఉన్నాను. నా నీలం కొట్టుకుపోయిన కాలువే. తుపాకి అంత దూరంలో మిరప మడిలో పడుకొని, ఏమీ ఎరగనట్టు పొగ వదులుతోంది.

బర్రె పలుపు తెంపుకొని పోయింది. చెట్ల మీది పిట్టలు ఆ రాత్రికి వేరే ఊళ్ళో పడుకున్నాయని చెప్పుకున్నారు. పక్క ఊరి నుంచి ఇద్దరు మనుషులు సైకిలు మీద వచ్చి, బాయి బ్లాస్టింగ్ ఎవరు చేయిస్తున్నారని అడిగారు.

తాత ఉరికొచ్చాడు. తుపాకి వంక చూడలేదు. నన్ను కాలువలోంచి ఎత్తి, వేళ్ళు లెక్క పెట్టాడు, కళ్ళు విప్పి చూశాడు, భుజం తడిమాడు. అప్పుడు మొదలుపెట్టాడు తిట్టడం. ఆయన నోరు కదులుతూనే ఉంది, చేతులు ఊగుతూనే ఉన్నాయి, నా చెవుల్లో మాత్రం ఈల తప్ప ఏమీ లేదు. నేను బుద్ధిమంతుడిలా తల ఊపుతూ నవ్వాను. నా జన్మలో అంత ప్రశాంతంగా తిట్లు తినలేదు. కానీ తిట్టడం అయిపోయాక ఆయన గట్టు మీద కూలబడి చుట్ట ముట్టించబోయాడు. అగ్గిపుల్ల చుట్టకు అందలేదు. మూడు పుల్లలు ఆరిపోయాయి. ఆ ఆరిన పుల్లలను చూశాకనే, గొట్టం చీలి ఉంటే ఏమయ్యేదో నాకు తెలిసింది. నవ్వు ఆపాను.

చెవులు కొంచెం తెరుచుకున్నాక ఇంట్లో పంచాయితీ. నేను నింపాను అని తాత. నేను గూడ నింపాను అని బావ. నేను గూడ అని నేను. "మరి గుడ్డ ఏది?" అన్నాడు తాత. అమ్మమ్మ పొయ్యి దగ్గర మసి పట్టిన ఎర్ర గుడ్డ వంక చూసి, "సర్వపిండి తినేటప్పుడు ఎవ్వలన్న అడిగిన్రా?" అంది. మరదలు గడప మీద కూర్చొని కంకి పూర్తి చేస్తోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

గల్లుప్పు కాపడం, గారెలు, అన్నీ దక్కాయి నాకు. చెయ్యి లేవకపోతే అమ్మమ్మ ముద్దలు చేసి పెట్టింది. మరునాడు పొద్దున తాత ఒక చంకన గొంగడిలో చుట్టిన తుపాకినీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకొని సిద్దిపేట బస్సెక్కాడు. తుపాకి ఠాణాకు, నేను దవాఖానకు. ఒక రోజు ఆలస్యమైందని ఠాణాలో జమేదారు కసిరి, నా మెడ నుంచి వేలాడుతున్న చెయ్యి వంక చూసి ఏమైందని అడిగాడు. తాత అంతా చెప్పి, "తుపాకి తీస్కోండ్రి సారు," అన్నాడు. "ఈ పోరన్ని గూడ ఓట్లయ్యేదాక జమ జేస్కుంటె రశీదు రాసియ్యిండ్రి, నేను అడ్డం జెప్ప." జమేదారు నవ్వి ఆలస్యం సంగతి మరిచిపోయాడు.

దవాఖానలో ఎముక సరిచేసి కట్టు కట్టారు. పూర్తిగా సరికాలేదని దర్జీ పోరడు చెప్పే దాకా నాకు తెలియదు.

ఇక మక్క సంగతి. ఓట్లయ్యే దాకా ఆ దిక్కు ఒక్క పంది రాలేదు. ఊళ్ళో మిగతా చేన్లన్నిట్లో తిరిగాయి, మా గట్టు దాటలేదు. గింజ గట్టిపడింది. "నా తుపాకి యేడాదంత మొరిగేది నా మనుమడు ఒక్కపాలి మొరిగిచ్చిండు," అని తాత అందరికీ చెప్పుకున్నాడు. బడి నుంచి ఏనాడూ తేలేని మంచి పేరు అట్లా తెచ్చాను.

మచ్చ? అది మచ్చ కాదు, జాతర. మొదట నలుపు, తర్వాత నీలం, అంచుల్లో పసుపు, నడుమ నేరేడు పండు రంగు. కట్టు విప్పిన రోజు పోరగాళ్ళంతా బాయి దగ్గర చేరారు. నేను మోటారు ధార కింద కూర్చున్నాను. నీళ్ళు తెల్లగానే పోయాయి. అయినా మరదలికి నమ్మకం కుదరలేదు. దగ్గరికి వచ్చి, బొటనవేలు నాలుకకు అద్దుకొని, నా భుజం మీద గట్టిగా రుద్ది, వేలు చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. "అసలుదే," అని ఊరికి తీర్పు చెప్పింది. ఆ నొప్పికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం నాకు మళ్ళీ మా పెళ్ళి రోజునే కలిగింది. అవును, ఆ మరదలితోనే.

ఇప్పుడు ఆ బాయి పూడిపోయింది, కాలువ నీళ్ళు వచ్చాయి. తాత ముసలితనంలో తుపాకిని ఠాణాలో ఇచ్చి మళ్ళీ తెచ్చుకోలేదు. చేన్లలో కర్రకు చిన్న మైకు కట్టి, కుక్కల అరుపులు రికార్డు చేసి పెడుతున్నారు. అది మొరుగుతుంది కానీ తన్నదు. పందులు దాని కిందే కూర్చొని కంకులు తింటున్నాయని బావ ఫోన్లో వాపోతుంటాడు.

దర్జీ దగ్గర నుంచి ఇంటికి వచ్చేసరికి నా భార్య పీట మీద కూర్చొని మక్క కంకులు ఒలుస్తోంది. భుజం సంగతి చెప్పాను. నవ్వింది. ఇన్నేళ్ళలో నాకు తట్టని మాట ఆ కంకులు చూశాక తట్టింది.

"అవునే, ఆనాడు కంకి పట్టుకోని ఉరికొచ్చినవ్ గద. ఏం చెప్పనీకి వచ్చినవ్?"

"మూడు అని చెప్పనీకి."

"ఏం మూడు?"

"తాత నింపంగ సూసిన, ఒకటి. అన్న నింపంగ సూసిన, రెండు. నువ్వు మందు కొమ్ము సంకన పెట్టుకోని ఉరుకుతుంటె మూడు. నేను గడప మీదనే కూసున్న."

"మరి నోరు తెరిసి చెప్పకపోతివి?"

ఆమె చేతిలోని కంకి తిప్పి, ఇంకో వరస గింజలు ఒలిచి, తల ఎత్తకుండా అంది.

"తుపాకి ముచ్చట ఆడపిల్లలకు ఏం తెలుస్తదంటివి. నిజమే, నాకు తుపాకి తెల్వదు, మూడు దాక లెక్క పెట్టుడే తెలుసు. ఏడో తరగతి దాక పోయినోనివి, నీకు గది గూడ రాదని నాకేం ఎరుక?"